చేవ్రాలే తాళపుచెవి యగుట

పెట్టెకు తాళము వేయుట సులభము; తాళపుచెవిని భద్రపఱచుటయే కష్టము. కంప్యూటరునందలి తమ వ్రాతలను ఇతరులు చదువకుండ గూఢలిపిలోనికి మార్చువారికిని ఈ చిక్కే కలదు. తాళపుచెవిని సర్వరునందు దాచినచో సర్వరు నడుపువారు వ్రాతలను చదువగలరు. పాస్‌వర్డు నమ్మినచో మఱచిపోవుట కలదు. ఎథీరియము వాలెటు గలవారికి కొన్ని వెబ్ యాప్‌లు మూడవ త్రోవ చూపుచున్నవి.

వాలెటులో నొక రహస్యసంఖ్య యుండును. అది వెలికి రాదు. కాని దాని సాయమున వాలెటు ఏ వాక్యమునకైనను 65 బైట్ల చేవ్రాలు చేయును. యాప్ ఒక నియతవాక్యమును చూపి చేవ్రాలు కోరును. పిమ్మట హెచ్.కె.డి.ఎఫ్. అను గణితవిధానముచే ఆ చేవ్రాలునుండి 256 బిట్ల తాళపుచెవిని తీయును. ఈ విధానము 2010లో ప్రకటింపబడినది. మఱునాడు ఆ వాక్యమునకే చేవ్రాలు చేసినచో ఆ తాళపుచెవియే మరల వచ్చును. కావున దానిని ఎచ్చటను దాచనక్కఱలేదు.

విద్యార్థులారా, ఇందు రెండు సంగతులు గమనింపవలెను.

మొదటిది: చేవ్రాలు ప్రతిపర్యాయము ఒక్కతీరున నుండవలెను. చేవ్రాలు చేయునప్పుడు మఱియొక గుప్తసంఖ్యయు కావలసియుండును. 2013 నాటి ఆర్.ఎఫ్.సి. 6979 ననుసరించి, ఆ సంఖ్యను వాక్యమునుండియు వాలెటు రహస్యమునుండియు లెక్కగట్టినచో ఫలము మాఱదు. దానిని చీట్లు తీసినట్లు తీసికొనినచో రేపటి చేవ్రాలు వేఱగును. అదియు చెల్లునదే, కాని నిన్నటి పెట్టెను తెఱవదు. అందలి వ్రాతలు యజమానునికే దక్కవు. అందుచే వివేకియైన యాప్ నిర్మాత ముందు రెండుసారులు చేవ్రాలు చేయించి, రెండును సరిపోలిననే తాళము వేయును.

రెండవది: లోకమున చేవ్రాలు పదుగురికి చూపదగినది, ఇచ్చట నది రహస్యము. దానిని చూచినవాడు తాళపుచెవిని తీయగలడు. కావున యాప్ దానిని సర్వరునకు పంపరాదు. లాగిన్ కొఱకు కోరు చేవ్రాలునకు వేఱు వాక్యము నుపయోగింపవలెను. మోసపు యాప్ ఒకటి ఆ నియతవాక్యమునే యథాతథముగా చూపి చేవ్రాలు కోరినచో, సామాన్యముగా వాలెటు అడ్డుపడదు. ధన మొక కాసైనను కదలదు గనుక యజమానునికి అనుమానము పుట్టదు. కాని పెట్టె పరులకు తెఱవబడును. అట్లు చిక్కిన తాళపుచెవి పాత వ్రాతల కన్నిటికిని చెల్లును.

చదువక చేవ్రాలు చేయరాదని పెద్దలు చెప్పుదురు. ఇచ్చట వాక్యమును చదువుట చాలదు. అడుగుచున్న యాప్ చిరునామాను సయితము చదువవలెను.