పెట్ మైక్రోచిప్: మీ కుక్కకి వేసిన చిప్‌ని ఏ స్కానర్ అయినా చదువుతుందా?

ఈ ఎపిసోడ్ మా అక్క చేసిన ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. "ఒరేయ్, చింటూగాడికి చిప్ వేయించాం కదా, మరి ఈ డాక్టర్ గారి స్కానర్‌కి ఎందుకు దొరకట్లేదురా?" అని అడిగింది.

చింటూ అంటే మా అక్కవాళ్ల ఇండీ కుక్క. బావకి జర్మనీలో జాబ్ వచ్చింది. చింటూని వదిలేసి నేను రాను అని అక్క తేల్చి చెప్పేసింది. చిప్ రెండేళ్ల కిందటే వేయించారు, కార్డు కూడా ఉంది. తీరా ప్రయాణం పేపర్ల కోసం వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన మెడ మీద, భుజాల మీద, కాళ్ల దాకా స్కానర్ తిప్పినా బీప్ రాలేదు. చిప్ ఎక్కడో పడిపోయిందేమో అనుకున్నారు. మొదట వేసిన క్లినిక్‌కి వెళ్తే అక్కడి స్కానర్‌లో వెంటనే నంబర్ వచ్చింది. అంటే చిప్ ఉంది, బాగానే పనిచేస్తోంది. మరి తేడా ఎక్కడుంది? ఇవాళ అదే చూద్దాం.

ముందు బేసిక్స్. పెట్ మైక్రోచిప్ అంటే బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దగా, సుమారు 12 మిల్లీమీటర్ల పొడవుండే గాజు గొట్టం. లోపల ఒక చిన్న కాయిల్, ఒక చిప్ ఉంటాయి. బ్యాటరీ ఉండదు. స్కానర్ దగ్గరికి తెస్తే, దాని నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రం వల్ల కాయిల్‌లో కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతో చిప్ తన నంబర్ చెప్తుంది. స్కానర్ పక్కకి జరగగానే మళ్లీ నిద్రపోతుంది. అంతే.

కాబట్టి చాలామంది అనుకునేట్టు ఇది జీపీఎస్ కాదు. కుక్క తప్పిపోతే మ్యాప్‌లో చుక్క కనపడదు. మీ పేరు, ఫోన్ నంబర్ కూడా చిప్‌లో ఉండవు. ఉండేది ఒక నంబర్ మాత్రమే. మన ఊళ్లలో ఆవులకి, గేదెలకి చెవికి పసుపు ట్యాగ్ వేస్తారు చూడండి, 12 అంకెలతో, అలాంటిదే ఇది కూడా. కాకపోతే ట్యాగ్‌ని కంటితో చదవొచ్చు, దీన్ని చదవాలంటే మిషన్ కావాలి. అది సరైన మిషన్ అయ్యుండాలి.

ఇక్కడే అసలు గొడవ. ఈ చిప్‌లన్నీ ఒకే ఫ్రీక్వెన్సీలో పనిచేయవు. ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

ఒకటి, 125 కిలోహెర్ట్జ్. ఇవి పాత తరం చిప్‌లు. నంబర్ 9 లేదా 10 అంకెలుంటుంది. వీటిలో కొన్ని నంబర్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతాయి. అప్పుడు కొన్ని స్కానర్లు "చిప్ ఉంది" అని గుర్తిస్తాయి గానీ నంబర్ చూపించలేవు.

రెండు, 128 కిలోహెర్ట్జ్. వీటి నంబర్ 10 అక్షరాలుంటుంది. మనకి తక్కువగా తగులుతాయి.

మూడు, 134.2 కిలోహెర్ట్జ్. ఇదే అంతర్జాతీయ ప్రమాణం. నంబర్ ఎలా ఉండాలో ఐఎస్ఓ 11784 చెప్తుంది, సిగ్నల్ ఎలా వెళ్లాలో ఐఎస్ఓ 11785 చెప్తుంది. పెట్స్‌కి వాడే రకాన్ని ఎఫ్‌డీఎక్స్-బీ అంటారు. నంబర్ 15 అంకెలుంటుంది.

ఒక ఫ్రీక్వెన్సీకి తయారైన స్కానర్‌కి ఇంకో ఫ్రీక్వెన్సీ చిప్ కనపడదు. "వేరే రకం చిప్ ఉంది" అని ఎర్రర్ కూడా రాదు. సైలెంట్‌గా ఉంటుంది. చూసేవాళ్లు ఈ కుక్కకి చిప్పే లేదనుకుంటారు. చింటూ విషయంలో జరిగింది అదే. వాడిది 125 చిప్, రెండో డాక్టర్ దగ్గరున్నది 134.2 మాత్రమే చదివే స్కానర్.

దీని వల్ల ప్రాణం పోయిన సందర్భం కూడా ఉంది. అప్పట్లో అమెరికాలో ఎక్కువ షెల్టర్లలో 125 స్కానర్లే ఉండేవి. ఆ టైమ్‌లో ఒక పెద్ద క్లినిక్ చైన్ 134.2 చిప్‌లు వేయడం మొదలుపెట్టింది. 2004లో వర్జీనియా రాష్ట్రంలో అలాంటి చిప్ ఉన్న ఒక కుక్క తప్పిపోయి షెల్టర్‌కి చేరింది. స్కానర్‌కి చిప్ దొరకలేదు. ఓనర్ లేని కుక్క అనుకుని దానికి ఇంజెక్షన్ ఇచ్చి చంపేశారు. ఆ తర్వాతే అన్ని రకాలూ చదివే యూనివర్సల్ స్కానర్ల మీద చర్చ గట్టిగా మొదలైంది.

మీలో చాలామందికి వచ్చే డౌట్: "బ్రో, నా ఫోన్‌లో ఎన్ఎఫ్‌సీ ఉంది కదా, దాంతో స్కాన్ చేయొచ్చా?" చేయలేం. ఎన్ఎఫ్‌సీ పనిచేసేది 13.56 మెగాహెర్ట్జ్‌లో. అంటే పెట్ చిప్ ఫ్రీక్వెన్సీకి దాదాపు 100 రెట్లు. యాప్ వేసుకున్నా లాభం లేదు, ఫోన్‌లో ఆ యాంటెనాయే లేదు.

మరి మన పెట్ చిప్ ఏ రకమో ఎలా తెలుస్తుంది? కార్డు తీసి అంకెలు లెక్కపెట్టండి. 15 ఉంటే ఐఎస్ఓ రకం. మొదటి మూడు అంకెలు దేశం కోడ్ కావొచ్చు, మన ఇండియాది 356. లేదా 900 నుంచి 998 మధ్య ఉంటే అది తయారీ కంపెనీ కోడ్. 999 ఉంటే అది టెస్టింగ్ కోసం ఉంచిన కోడ్, మీ కుక్కకి అది ఉండకూడదు.

ఇంకో చిన్న చెక్, ఇది నాలాంటి కోడర్లకి నచ్చుతుంది. మిగతా 12 అంకెలకి చిప్‌లో 38 బిట్ల చోటే ఉంటుంది. 38 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 274877906943. మీ కార్డు మీద చివరి 12 అంకెలు దీన్ని దాటితే, ఎవరో నంబర్ తప్పు రాసినట్టే.

సరే, చిప్ సరైనదే, స్కానర్ కూడా చదివింది. అక్కడితో అయిపోయిందా? లేదు. ఆ నంబర్ పక్కన మీ ఫోన్ నంబర్ ఏదో ఒక డేటాబేస్‌లో ఉండాలి. అమెరికా షెల్టర్లలో చేసి 2009లో పబ్లిష్ చేసిన ఒక స్టడీలో, షెల్టర్‌కి చేరిన మొత్తం వీధి కుక్కల్లో సుమారు 22 శాతం ఓనర్ల దగ్గరికి వెళ్తే, చిప్ ఉన్నవాటిలో 52 శాతం వెళ్లాయి. అయితే చిప్ ఉండి కూడా ఓనర్ దొరకనివాటిలో పెద్ద కారణం ఏంటో తెలుసా? ఫోన్ నంబర్ తప్పు, లేదా ఆ నంబర్ పనిచేయట్లేదు. సిమ్ మార్చినప్పుడు బ్యాంకులో అప్‌డేట్ చేస్తాం, కుక్క సంగతి మర్చిపోతాం.

ఇప్పుడు విదేశాలకి పెట్‌ని తీసుకెళ్లేవాళ్లు బాగా వినండి. యూరోపియన్ యూనియన్‌కి ఐఎస్ఓ చిప్ కావాలి. వేరే రకం ఉంటే దాన్ని చదివే స్కానర్ మీరే పట్టుకెళ్లాలి. అమెరికా అయితే 2024 ఆగస్టు 1 నుంచి వచ్చే ప్రతి కుక్కకీ యూనివర్సల్ స్కానర్‌కి దొరికే చిప్ తప్పనిసరి చేసింది. రెండు చోట్లా ముందు చిప్, ఆ తర్వాతే రేబిస్ వ్యాక్సిన్. ఈ వరస తప్పితే ఆ వ్యాక్సిన్ లెక్కలోకి రాదు.

అక్కవాళ్లు చింటూకి కొత్తగా 15 అంకెల చిప్ వేయించారు. పాతది తీయలేదు, మామూలుగా తీయరు కూడా. రెండు నంబర్లూ రికార్డులో రాయించారు. రిస్క్ ఎందుకని రేబిస్ వ్యాక్సిన్ మళ్లీ వేయించారు. ఇండియా నుంచి యూరప్‌కి అయితే వ్యాక్సిన్ తర్వాత కనీసం 30 రోజులాగి రక్తం తీయాలి, అది తీసిన రోజు నుంచి ఇంకో మూడు నెలలు ఆగాలి. అంటే నాలుగు నెలలు. బావ ముందు వెళ్లిపోయాడు, అక్క, చింటూ ఇక్కడే ఉండిపోయారు. చిప్ వేసిన రోజు "ఇది ఏ రకం అండీ?" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

అందుకే మీరు ఈ నాలుగు పనులు చేయండి. చిప్ వేయించే ముందు ప్యాకెట్ మీద 134.2, ఐఎస్ఓ 11784, 11785 అని ఉందో లేదో చూడండి. వేసే ముందు ఒకసారి, వేశాక ఒకసారి మీ కళ్ల ముందే స్కాన్ చేయించండి. స్కానర్ స్క్రీన్‌ని ఫోటో తీసి, కార్డు మీద, వ్యాక్సిన్ బుక్‌లో ఉన్న నంబర్‌తో అంకె అంకె పోల్చండి. చిప్‌ని ఏ డేటాబేస్‌లో ఎక్కించారు, ఎవరి పేరు మీద ఎక్కించారు అని అడగండి. కొన్నిసార్లు క్లినిక్ పేరు మీదే ఉండిపోతుంది.

ఇప్పటికే చిప్ ఉంటే, ఈసారి వ్యాక్సిన్‌కి వెళ్లినప్పుడు "ఒకసారి స్కాన్ చేయండి డాక్టర్ గారూ" అని అడగండి. చిప్ చర్మం కింద కాస్త జరగొచ్చు కాబట్టి భుజాలు, కాళ్ల పైభాగం కూడా నెమ్మదిగా చూడమనండి. మెటల్ కాలర్ ఉంటే తీసేయండి, సిగ్నల్‌కి అడ్డం పడుతుంది.

చింటూ ఫ్లైట్ వచ్చే నెల. ఇంట్లో కుక్కో పిల్లో ఉన్న ఫ్రెండ్‌కి ఈ ఎపిసోడ్ పంపండి, ముఖ్యంగా వీసా కోసం తిరుగుతున్నవాళ్లకి. మళ్లీ కలుద్దాం, బై.