పాత సైకిల్ అమ్మేద్దామనుకుంటున్నారా..? ఆగండి.. ముందు ఈ పార్ట్స్ మార్చి చూడండి!

తొక్కుతుంటే సైకిల్ బరువుగా అనిపిస్తోందా? పది నిమిషాలకే నడుం పట్టేస్తోందా? చిన్న ఎత్తు వచ్చినా దిగి తోసుకుంటూ వెళ్లాల్సి వస్తోందా? ఇలాంటప్పుడు చాలామంది వెంటనే ఫోన్ తీసి కొత్త సైకిల్ రేట్లు వెతుకుతారు. కానీ చాలాసార్లు తప్పు సైకిల్‌ది కాదు. అరిగిపోయిన నాలుగైదు పార్ట్స్‌ది. వాటిని మార్చుకుంటే పాత సైకిలే హాయిగా పరుగెడుతుంది. మరి ముందు ఏది మార్చాలి? దేనికి డబ్బులు పెట్టాలి? దేనికి పెట్టకూడదు? వివరంగా చూద్దాం.

ముందు నా తప్పు చెబుతా..

ఈ కథనం రాస్తున్న నేను ఆఫీసుకు సైకిల్‌పైనే వస్తుంటా. మొదట్లో చేతిలో డబ్బులు పడగానే ఏం కొన్నానో తెలుసా? రంగు రంగుల గ్రిప్స్, కొత్త హ్యాండిల్, ఫోన్ హోల్డర్. బ్రేకుల సంగతి పట్టించుకోలేదు. ఓ వాన సాయంత్రం ఫ్లైఓవర్ దిగుతున్నా. కింద రెడ్ సిగ్నల్. రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకున్నా. లివర్లు హ్యాండిల్‌కు తగిలాయి కానీ సైకిల్ ఆగలేదు. కాళ్లు నేలకు రాసుకుంటూ వెళ్లి ఆగి ఉన్న ఆటోను వెనక నుంచి గుద్దేశా. మోకాళ్లు చీరుకుపోయాయి. ఆటో అన్న దిగి వచ్చి, "బ్రేకుల్లేని బండి ఎందుకు తెచ్చావ్ తమ్ముడూ.. నా బదులు బస్సు ఉంటే?" అన్నాడు. సమాధానం చెప్పలేకపోయా. మర్నాడు బ్రేక్ రబ్బర్లు, వైర్లు మార్పిస్తే అయిన ఖర్చు ఫోన్ హోల్డర్ కంటే తక్కువ!

అందుకే అప్‌గ్రేడ్ అంటే ముందు కంటికి కనిపించేది కాదు.. ఒంటికి, ప్రాణానికి పనికొచ్చేది చూసుకోవాలి.

మొదటి అప్‌గ్రేడ్ ఫ్రీ.. సీటు ఎత్తు సరిచేయండి

దీనికి పైసా ఖర్చు లేదు. ఒక స్పానర్ లేదా అలెన్ కీ చాలు. సీటుపై కూర్చుని పెడల్‌ను పూర్తిగా కిందికి దించండి. దానిపై మడమ పెట్టండి. ఇప్పుడు కాలు నిటారుగా ఉండాలి. తర్వాత మామూలుగా తొక్కేటప్పుడు పెట్టినట్టు ముందు పాదం పెడితే, మోకాలు కొద్దిగా వంగుతుంది. మీకు సరిపోయే ఎత్తు అదే.

మన దగ్గర ఎక్కువమంది సీటును బాగా కిందికి దించేసి తొక్కుతుంటారు. రెండు కాళ్లూ నేలకు ఆనాలన్నది వారి లెక్క. కానీ సీటు కిందికి ఉంటే మోకాలు ఎక్కువగా ముడుచుకుని భారం అంతా దానిపైనే పడుతుంది. సాధారణంగా మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తే సీటు తక్కువగా ఉందని, వెనక భాగంలో లాగినట్టుంటే ఎక్కువ ఎత్తులో ఉందని అనుమానించాలి. నొప్పి తగ్గకపోతే మాత్రం డాక్టర్‌ను కలవాల్సిందే.

ఒక జాగ్రత్త. సీటు పైపు మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనిపించేంత పైకి లాగితే పైపు విరిగే ప్రమాదం ఉంది. అంత ఎత్తు కావాలంటే పొడవాటి పైపు కొనుక్కోవాలి.

ఇక సీటు విషయానికొస్తే.. మెత్తగా ఉంటే సుఖంగా ఉంటుందనుకోవడం పొరపాటు. మరీ మెత్తటి సీటులో ఎముకలు లోపలికి దిగిపోయి, పక్కనున్న కండపై ఒత్తిడి పడుతుంది. ఇంటి పక్కకు వెళ్లి రావడానికి పర్వాలేదు కానీ గంట తొక్కితే తిమ్మిరి ఎక్కుతుంది. మెత్తదనం కంటే వెడల్పు ముఖ్యం. కూర్చున్నప్పుడు రెండు తుంటి ఎముకలూ సీటుపై ఆనాలి.

టైర్లు.. అసలు తేడా ఇక్కడే

సైకిల్‌కు సుఖం తెచ్చిన మొదటి పెద్ద అప్‌గ్రేడ్ ఏంటో తెలుసా? టైరే! బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టర్‌గా పనిచేసిన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం గాలి నింపే టైర్ తయారుచేశాడు. 1888లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు గట్టి రబ్బరు చక్రాలతో ఒళ్లు హూనమయ్యేది. ఇప్పటికీ తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా చూపించేది టైర్లే.

సిటీలో చాలామంది దగ్గర లావుపాటి గుబ్బల టైర్లున్న ఎంటీబీలు కనిపిస్తాయి. మట్టి, రాళ్ల దారిలో పట్టు కోసం ఆ గుబ్బలు. తారు రోడ్డు మీద అవి గర్‌ర్‌మని శబ్దం చేస్తూ మీ శక్తిని తినేస్తాయి. మీరు తొక్కేది రోడ్డు మీదే అయితే నున్నటి టైర్లు వేయించుకోండి. మరీ సన్నవి వద్దు. గుంతలు, స్పీడ్ బ్రేకర్లున్న మన రోడ్లకు ఓ మోస్తరు వెడల్పే మేలు.

కొనేముందు సైజు చూసుకోవాలి. పాత టైర్ పక్కన "37-622" లాంటి నంబర్ ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది రిమ్‌పై టైర్ కూర్చునే చోట వ్యాసం. రెండూ ఎంఎంలో ఉంటాయి. రెండో నంబర్ కచ్చితంగా కలవాలి. ఎందుకంటే అంగుళాల లెక్క మోసం చేస్తుంది. 26 అంగుళాల ఎంటీబీ టైర్‌కు ఆ నంబర్ 559. అదే 26 అంగుళాలు అని రాసి ఉన్న కొన్ని పాత సైకిళ్ల టైర్లకు 590. ఒకటి ఇంకోదానికి పట్టదు. మన నాన్నలు, తాతలు తొక్కిన 28 అంగుళాల నల్ల సైకిల్‌ది 635. ఇప్పటి 700సి, 29 అంగుళాల సైకిళ్లవి 622. షాపులో అంగుళాలు కాకుండా ఈ నంబర్ చెబితే తిప్పలు తప్పుతాయి.

ఇంకోటి.. గాలి! వారానికోసారైనా చూసుకోవాలి. పంక్చర్ లేకపోయినా ట్యూబ్ నుంచి గాలి కొద్దికొద్దిగా తగ్గుతూనే ఉంటుంది. గాలి తక్కువైతే తొక్కడం కష్టం. గుంతలో పడ్డప్పుడు ట్యూబ్ రిమ్‌కు, రోడ్డుకు మధ్య నలిగి పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. టైర్ పక్కన గరిష్ఠ పీఎస్ఐ రాసి ఉంటుంది, దాన్ని దాటొద్దు. అలాగని ప్రతిసారీ అంచుదాకా కొట్టించక్కర్లేదు. బరువు ఎక్కువగా పడే వెనక చక్రానికి కొంచెం ఎక్కువ, ముందు దానికి కొంచెం తక్కువ ఉంటే రైడ్ మెత్తగా ఉంటుంది. గేజ్ ఉన్న పంపు ఒకటి ఇంట్లో ఉంటే అదే సగం అప్‌గ్రేడ్.

బ్రేకులు.. ఇక్కడ పిసినారితనం వద్దు

బ్రేక్ రబ్బర్ల మీద గాడులు అరిగి నున్నగా అయ్యాయంటే మార్చేయాలి. రబ్బరు సరిగ్గా రిమ్ మీదే పడాలి. పైకి జరిగి టైర్‌ను తాకితే టైర్ కోసుకుపోతుంది. వానలో మెరిసే స్టీల్ రిమ్ మీద బ్రేక్ పట్టు బాగా తగ్గిపోతుంది. అలాంటి పాత సైకిల్‌కు అల్యూమినియం రిమ్ వేయించుకుంటే బ్రేకు పనితీరు మారిపోతుంది.

వైరు కంటే చాలామంది పట్టించుకోనిది దానిపైన ఉండే గొట్టం.. ఔటర్. తుప్పు పట్టిన ఔటర్‌లో వైరు రాసుకుని బ్రేక్ గట్టిగా అవుతుంది. మార్చేటప్పుడు వైరు, ఔటర్ రెండూ కలిపి మార్పించండి. ముఖ్యమైన విషయం.. గేర్ ఔటర్‌ను బ్రేక్‌కు ఎప్పుడూ వాడకూడదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల తేడా ఉంటుంది. బ్రేక్ ఔటర్‌లో తీగ స్ప్రింగ్‌లా చుట్టి ఉంటుంది, గేర్ ఔటర్‌లో తీగలు నిలువుగా ఉంటాయి. బ్రేక్ గట్టిగా పట్టినప్పుడు ఆ ఒత్తిడికి గేర్ ఔటర్ పగిలిపోవచ్చు. స్టాక్ లేదని షాపులో ఏదో ఒకటి వేసేస్తామంటే ఒప్పుకోవద్దు.

డిస్క్ బ్రేకులున్నవాళ్లకు రెండు మాటలు. డిస్క్‌పై నూనె చుక్క పడకూడదు. పడితే ప్యాడ్స్ జారిపోతాయి. డిస్క్ సైజు 160 నుంచి 180 ఎంఎంకు పెంచితే ఆపే పట్టు ఎనిమిదో వంతు దాకా పెరుగుతుంది. కానీ మీ ఫోర్క్, ఫ్రేమ్ అంత సైజుకు పనికొస్తాయో లేదో ముందు కనుక్కోవాలి. హైడ్రాలిక్ అయితే దానికి చెప్పిన ఆయిలే పోయాలి. మినరల్ ఆయిల్ వాడే బ్రేకులో డాట్ ఫ్లూయిడ్ పోస్తే లోపలి సీళ్లు పాడవుతాయి.

చైన్ అరిగిందా? టేపుతో తెలిసిపోతుంది

చైన్ పైకి బాగానే కనిపిస్తుంది. కానీ పిన్నులు అరిగి అది సాగినట్టవుతుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు. కొత్త చైన్‌లో 24 లింకుల పొడవు సరిగ్గా 12 అంగుళాలు. టేపు సున్నాను ఒక పిన్ మధ్యలో పెట్టి కొలవండి. 24 లింకుల తర్వాతి పిన్ 12 అంగుళాలను దాటి అంగుళంలో పదహారో వంతు జరిగిందంటే చైన్ మార్చే టైమొచ్చినట్టే. ఎనిమిదో వంతు దాకా జరిగితే, చైన్‌తో పాటు వెనక పళ్ల చక్రం కూడా పోయినట్టే లెక్క. అంటే సమయానికి చైన్ ఒక్కటి మారిస్తే పెద్ద ఖర్చు తప్పుతుంది.

ఆయిల్ వేయడంలోనూ తప్పు చేస్తుంటాం. బైక్ నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పోస్తే దుమ్ము అంటుకుని చైన్ సానపట్టినట్టు అరుగుతుంది. ముందు గుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క చైన్ లూబ్ వేసి, కాసేపాగి పైనున్నదంతా తుడిచేయాలి. ఆయిల్ పని చేసేది లోపల, బయట కాదు.

గేర్లు లేని సైకిల్‌తో ఎత్తు ఎక్కాలంటే..

దీనికి ఓ చవకైన చిట్కా ఉంది. ఉదాహరణకు ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒక్కసారి తిప్పితే చక్రం 2.44 సార్లు తిరుగుతుంది. వెనక 20 పళ్ల ఫ్రీవీల్ వేయిస్తే 2.2 సార్లు తిరుగుతుంది. అంటే తొక్కడం పది శాతం తేలిక. అయితే సమతలం రోడ్డు మీద అదే స్పీడుకు కొంచెం ఎక్కువసార్లు తొక్కాలి. చైన్ కాస్త పొడవు కావాల్సి రావచ్చు.

గేర్ సైకిళ్లలో మాత్రం ఆచితూచి అడుగేయాలి. 7 స్పీడ్ ఫ్రీవీల్ ఉన్న సైకిల్‌కు 9 స్పీడ్ క్యాసెట్ పెట్టించాలంటే అది ఒక్క పార్ట్‌తో అయ్యే పని కాదు. హబ్, షిఫ్టర్, చైన్.. ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవాలి. చివరికి బిల్లు చూస్తే కొత్త సైకిల్‌లో సగం ఉంటుంది.

సస్పెన్షన్ ఉంటే మంచిదేనా?

ఎగిరెగిరి దూకే సస్పెన్షన్ ఫోర్క్ చూడ్డానికి బాగుంటుంది. కానీ చవక రకం ఫోర్క్ బరువెక్కువ. లేచి నిలబడి తొక్కినప్పుడల్లా కిందికీ పైకీ ఊగి మీ బలాన్ని మింగేస్తుంది. తారు రోడ్డుకు మామూలు గట్టి ఫోర్క్, సరైన గాలి ఉన్న మంచి టైర్ చాలు. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ పక్కన 2023లో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ లాంటి నున్నటి దారిలో అయితే సస్పెన్షన్‌తో అవసరమే పడదు. ఇప్పటికే ఉన్న ఫోర్క్‌కు లాకౌట్ ఉంటే రోడ్డు మీద లాక్ చేసుకోండి.

మోటార్ కిట్ పెట్టించాలనుకుంటే..

ఈ మధ్య పాత సైకిల్‌కు మోటార్, బ్యాటరీ బిగించడం ట్రెండ్ అయ్యింది. రూల్ గుర్తుపెట్టుకోండి. మోటార్ పవర్ 250 వాట్స్ లోపు, స్పీడ్ గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే రిజిస్ట్రేషన్ బాధ తప్పుతుంది. అంతకు మించితే అది మోటార్ వాహనం కిందికి వస్తుంది. పైగా స్పీడు పెరిగే ముందు బ్రేకులు పెరగాలి. అరిగిన రబ్బర్లున్న సైకిల్‌కు మోటార్ బిగించడమంటే ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే.

ఇలాగైతే ఖర్చు పెట్టొద్దు

ఫ్రేమ్ అతుకుల దగ్గర పగులు కనిపించినా, ముందు ఫోర్క్ వంగినా ఆ సైకిల్‌పై అప్‌గ్రేడ్‌లు వద్దు. ముందు మంచి మెకానిక్‌కు చూపించాలి. అలాగే ఫ్రేమే మీ ఎత్తుకు సరిపోకపోతే ఎన్ని పార్ట్స్ మార్చినా సుఖం ఉండదు.

షాపుకు వెళ్లే ముందు ఈ లిస్ట్ సేవ్ చేసుకోండి

- వరుస ఇదీ: సీటు ఎత్తు, బ్రేకులు, టైర్లు, చైన్. ఆ తర్వాతే మిగతావి.
- పాత పార్ట్ చేత్తో తీసుకెళ్లండి. కుదరకపోతే నంబర్ కనిపించేలా ఫోటో తీసుకోండి.
- ఒకేసారి అన్నీ మార్చొద్దు. ఒకటి మార్చి నాలుగు రోజులు తొక్కితేనే తేడా తెలుస్తుంది.
- పెడల్స్ మీరే మార్చుకుంటే గుర్తుంచుకోండి.. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. బలవంతంగా తిప్పితే క్రాంక్ మర పోతుంది.
- చక్రం వంకరగా తిరుగుతుంటే ముందు స్పోక్స్ సరిచేయించండి. కొత్త టైర్ వేసినా ఆ ఊపు పోదు.
- బ్రేక్ పని జరిగాక షాపు ముందే రెండు రౌండ్లు కొట్టి, ముందు, వెనక విడివిడిగా పట్టి చూశాకే డబ్బులివ్వండి.

చివరగా ఒక్క పని ఇప్పుడే చేయండి. ఈ ఆర్టికల్ చదవడం అయ్యాక కిందికి దిగి, మీ సైకిల్ ముందు బ్రేక్ పట్టి సైకిల్‌ను ముందుకు తోయండి. చక్రం కదలకుండా వెనక చక్రం గాల్లోకి లేవబోతుంటే మీ బ్రేక్ పర్వాలేదు. చక్రం జారుతూ ముందుకు కదిలిందా? లివర్ హ్యాండిల్‌కు తగిలిందా? అయితే రేపు ఉదయం ఆఫీసుకో కాలేజీకో కాదు.. ముందు సైకిల్ షాపుకు వెళ్లండి. నడిపించుకుంటూ!