ఐసు కాఫీ ఏల పలచబడును?

క్యాప్సూలు యంత్రము, చిన్న గుళికలో మూసియుంచిన కాఫీపొడి గుండా వేడినీటిని అధిక పీడనముతో పంపి చిక్కని కాఫీ నిచ్చును. 80 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రతగల 40 గ్రాముల కాఫీని తీసికొందము. 0 డిగ్రీల వద్ద 1 గ్రాము మంచు కరగుటకు సుమారు 80 కెలోరీల గుప్తోష్ణము కావలెను. నీటివలెనే కాఫీయు 0 డిగ్రీలకు చల్లారునపుడు 40 × 80 = 3200 కెలోరీలను విడుచును. దానిచే 40 గ్రాముల మంచు కరగి, చిక్కదనము సగమగును.

కాఫీ గిన్నెను ముందుగా చన్నీటిలో నుంచి 30 డిగ్రీలకు చల్లార్చినచో, కరగునది 15 గ్రాములే. చక్కెరను మాత్రము వేడిగా నున్నపుడే కలుపవలెను. చల్లని ద్రవములో అది నెమ్మదిగా కరగును. మిగిలిన మంచును తూచి విద్యార్థులు ఈ లెక్కను సరిచూడవచ్చును. గది నుండి చేరు వేడివలన కొంత తేడా కనిపించును.