కోతకు ముందు గంటలోపే

వనస్థలిపురం, ఎల్బీనగర్ చుట్టుపక్కల ఆసుపత్రులకు డయాలసిస్ కోసం వచ్చేవాళ్లు ఒక చేతిని కంటికి రెప్పలా కాపాడుకుంటారు. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టనివ్వరు, సంచి తగిలించుకోరు. ముంజేతి మీద వేళ్లు ఆనిస్తే లోపల జుమ్మని అదురుతుంది. ధమని రక్తం నేరుగా సిరలోకి ఉరుకుతున్న అదురు అది. సొంత సిర బాగుంటే దాన్నే ధమనికి కలిపి ఫిస్టులా చేస్తారు. సిరలు సన్నబడితేనో, పాడైతేనో చర్మం కింద పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ గొట్టం అమరుస్తారు. అదే గ్రాఫ్ట్. వారానికి మూడు డయాలసిస్‌లు, ప్రతిసారీ రెండు సూదులు. ఏడాదికి మూడొందలకు పైగా పోట్లు.

గుండె నుంచి కాళ్ల దాకా పాడైన పెద్ద ధమనులకు వేసే గ్రాఫ్ట్ మాత్రం డేక్రాన్ అనే బట్ట గొట్టం. 1950ల్లో హ్యూస్టన్‌లో సర్జన్ మైకేల్ డెబేకీ తొలి డేక్రాన్ గొట్టాలను ఇంట్లో కుట్టుమిషన్ మీదే కుట్టాడు. అవి ఎందరి ప్రాణాలో నిలిపాయి. అయితే శరీరంలో పరాయి వస్తువు పెట్టినప్పుడు బాక్టీరియాకు పని ఎంత తేలికవుతుందో 1957లో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు చేసిన పరీక్ష బయటపెట్టింది. మామూలు చర్మంలో చీము పట్టాలంటే స్టాఫ్ బాక్టీరియా లక్షల్లో కావాలి. ఒక్క పట్టు కుట్టు ఉంటే కొన్ని వందలు చాలు! గొట్టానికి అంటుకున్నాక అవి జిగురు పొర కప్పుకుంటాయి. తెల్లకణాలకూ మందుకూ చిక్కవు. చాలాసార్లు గ్రాఫ్ట్ తీసేయడమే మిగులుతుంది.

అందుకే బాక్టీరియా చేరకముందే యాంటీబయాటిక్ అక్కడ ఉండాలి. ఇంటికెళ్లేటప్పుడు బంధువులు తరచూ అడిగే మాట: "సార్, యాంటీబయాటిక్ రాయలేదేంది?" అడగాల్సింది అసలు ఆపరేషన్‌కు ముందు. 1961లో జాన్ బర్క్ గినీపిగ్‌ల మీద చూపాడు: బాక్టీరియా చేరిన మూడు గంటల తర్వాత ఇచ్చిన మందు వల్ల లాభం లేదు. 1992లో అమెరికాలో 2,847 మంది రోగులను గమనిస్తే, కోతకు ముందు రెండు గంటల్లోపు మందు పడినవారిలో గాయం చీము పట్టింది 0.6 శాతం మందికే. కోత పెట్టి మూడు గంటలు దాటాక ఇచ్చినవారిలో 3.3 శాతం. నేడు సాధారణంగా కోతకు ముందు గంటలోపు సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్‌ను సిరలోకి ఎక్కిస్తారు, ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే మళ్లీ ఇస్తారు, 24 గంటల్లో ఆపేస్తారు. వాంకోమైసిన్ అయితే నెమ్మదిగా ఎక్కించాలి కాబట్టి ఇంకా ముందే మొదలెట్టాలి. ఆ తర్వాత వారం రోజులు మింగే మాత్రలు గ్రాఫ్ట్‌ను కాపాడవు, మందుకు లొంగని క్రిములను మాత్రం పెంచుతాయి. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే ఇంటిల్లిపాదికీ విడమరిచి చెప్పాలి.

గొట్టాన్నే మందులో నానబెట్టే పద్ధతీ ఉంది. జెలటిన్ పూసిన డేక్రాన్‌ను రిఫాంపిసిన్ ద్రావణంలో ఉంచితే తెల్లని గొట్టం ఎర్రబడుతుంది. టీబీ రోగుల మూత్రాన్ని ఎర్రగా మార్చే మందే ఇది. చీము పట్టిన పాత గ్రాఫ్ట్ తీసి కొత్తది వేసేటప్పుడు దీన్ని ఎక్కువగా వాడతారు. మొదటిసారి వేసే గ్రాఫ్ట్‌లకు దీనివల్ల అదనపు మేలు పరీక్షల్లో తేలలేదు.

డయాలసిస్ గ్రాఫ్ట్‌కు అసలు పరీక్ష ఆపరేషన్ తర్వాతే. సూదికి ముందు చేతిని సబ్బుతో కడగాలి. టెక్నీషియన్ కొత్త గ్లవ్స్ వేసుకున్నాడా, మందు పూసి ఆరనిచ్చాడా చూడాలి. పోటు చోటు మార్చమనాలి. పొక్కు గిల్లకూడదు. ఎర్రబడినా, రసి కారినా, చలితో జ్వరం వచ్చినా మెడికల్ షాపులో మాత్ర కొని వేసుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మందు పడకముందే రక్తం తీసి కల్చర్‌కు పంపితేనే ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలిసే అవకాశం ఎక్కువ.