వెన్నుకు దెబ్బ తగిలితే: సైటు నుంచి ఇంటి దాకా తెలుసుకోవాల్సినవి

స్కాఫోల్డింగ్ మీంచి మనిషి పడ్డాడనగానే మనవాళ్లు ముందు చేసే పని, నలుగురూ కాళ్లు చేతులు పట్టుకుని కంపెనీ పికప్‌లో ఎక్కించడం. మంచి మనసుతో చేసేదే. కానీ వెన్నుపూస విరిగినా లోపలి వెన్నుపాము అప్పటికింకా పూర్తిగా నలగకపోయి ఉండొచ్చు. ఎత్తేటప్పుడు మెడో నడుమో వంగిందంటే విరిగిన ఎముక నరాల మీదకు దిగి, నడవాల్సిన మనిషి మంచాన పడే ప్రమాదం ఉంది.

అందుకే నిప్పు, కరెంటు లాంటి ముప్పు ఉంటే తప్ప కదిలించకండి. తల అటూ ఇటూ తిరగకుండా రెండు చేతులతో పట్టుకోండి. నీళ్లు తాగించొద్దు. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేయండి: సౌదీలో 997, యూఏఈలో 998, ఖతార్, బహ్రెయిన్‌లలో 999, కువైట్‌లో 112, ఒమన్‌లో 9999.

ఆపరేషన్ ఏం చేస్తుంది?

మెడ దగ్గర దెబ్బ తగిలితే చేతులు, కాళ్లు రెండూ పడిపోవచ్చు. వీపు, నడుము దగ్గరైతే కాళ్లు. ఆపరేషన్‌లో డాక్టర్లు ఎముకను రాడ్లు, స్క్రూలతో నిలబెట్టి, నరాల మీద ఒత్తిడి తీసేస్తారు. వీలైతే 24 గంటల్లోపు చేస్తే మేలు. అయితే తెగిన వెన్నుపామును అతికించే వైద్యం ఇంకా రాలేదు. స్టెమ్ సెల్స్‌తో నడిపిస్తామని లక్షలు అడిగేవాళ్లను నమ్మి పొలం అమ్ముకోకండి.

ప్రాణం తీసేవి ఇవే

ఆపరేషన్ అయిపోయింది కదా అనుకుంటే పొరపాటు. అసలు జాగ్రత్త అప్పుడే మొదలవుతుంది.

పుండ్లు: స్పర్శ ఉండదు కాబట్టి ఒరుసుకుపోయినా నొప్పి తెలియదు. మంచం మీద ఉంటే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. వీల్‌చైర్‌లో ఉంటే పావుగంటకో అరగంటకో ఒకసారి బరువు మార్చుకోవాలి. పిరుదులు, మడమలు, నడుము కింది భాగం రోజూ చూడాలి. ఎర్రబడిన చోటు ఒత్తిడి పడకుండా చూసినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

మూత్రం: బ్లాడర్ నిండినా తెలియదు. నిలిచిపోతే ఇన్‌ఫెక్షన్ వచ్చి కిడ్నీలు చెడతాయి. చేతులు పనిచేసేవాళ్లు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రంగా పైపు పెట్టి తీసేయడం సొంతంగా నేర్చుకోవచ్చు. డిశ్చార్జికి ముందే నర్సును అడిగి నేర్చుకోండి, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

రక్తం గడ్డలు: ఒక కాలు వాచి వేడిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.

తలపోటుతో బీపీ: మెడకు గానీ వీపు పైభాగానికి గానీ దెబ్బ తగిలినవాళ్లకు ఒక్కసారిగా తల పగిలేంత నొప్పి, చెమటలు, మొహం ఎర్రబడటం కనిపిస్తే వెంటనే కూర్చోబెట్టండి, బెల్టు, బట్టలు వదులు చేయండి, మూత్రం పైపు మెలిపడిందేమో చూడండి. ఎక్కువసార్లు కారణం అదే. తగ్గకపోతే ఆస్పత్రికి.

ఎండ: దెబ్బ తగిలిన చోటు కింద చెమట సరిగా పట్టదు. గల్ఫ్ ఎండలో ఒళ్లు కాలిపోతుంది. ఏసీ లేని రూములో వదిలేయొద్దు.

మందులు: బిగుసుకుపోయే కండరాలకు బాక్లోఫెన్, నరాల మంటకు గాబాపెంటిన్ లేదా ప్రీగాబాలిన్ రాస్తారు. ప్రీగాబాలిన్ మీద గల్ఫ్‌లో గట్టి కంట్రోల్ ఉంది. ఊరి నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకుంటే తెచ్చినవాడు కేసులో ఇరుక్కుంటాడు.

సంతకం పెట్టే ముందు

ప్రమాదం డ్యూటీలో జరిగిందని పోలీసు రిపోర్టులో, ఆస్పత్రి కాగితాల్లో రాయించండి. యూఏఈలో 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం కోలుకునే దాకా, లేదా వైకల్యం తేలే దాకా వైద్యం ఖర్చు యజమానిదే. మొదటి ఆరు నెలలు పూర్తి జీతం, తర్వాత ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలి. సౌదీలో పని ప్రమాదాల సోషల్ ఇన్సూరెన్స్ విదేశీ కార్మికులకూ వర్తిస్తుంది. తుది మెడికల్ రిపోర్టు రాకుండా 'అన్నీ ముట్టాయి' అనే కాగితం మీద వేలిముద్ర వేయొద్దు.

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో శాశ్వత వైకల్యం వస్తే 10 లక్షల రూపాయల కవరు. పాలసీ నంబరు ఇంట్లోవాళ్ల దగ్గర కూడా ఉంచండి. కంపెనీ చేతులెత్తేస్తే ఎంబసీలో కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ కింద వైద్యానికి, టికెట్‌కు సాయం అడగొచ్చు.

ఇంటికి చేరాక

విమానంలో స్ట్రెచర్ కావాలంటే ఎయిర్‌లైన్‌కు డాక్టరు ఫారం ముందుగా ఇవ్వాలి. స్కాన్‌లు, డిశ్చార్జి సమ్మరీ చేతి సంచిలోనే పెట్టుకోండి. ఊరికి రాగానే సదరం సర్టిఫికెట్‌కు, పింఛనుకు అప్లై చేయండి. ఫిజియోథెరపీ మానొద్దు.

వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్లు పడిపోయాయి. ఆమె వీల్‌చైర్‌లో కూర్చునే ఆపరేషన్లు చేశారు, ఇలాంటి రోగుల కోసం అక్కడ పునరావాస విభాగాన్ని నిలబెట్టారు. ఇంట్లోవాళ్లు పైపు వేయడం, పక్కకు తిప్పడం, కుర్చీలోకి మార్చడం నేర్చుకోగలిగేది ఇలాంటి పునరావాస కేంద్రాల్లోనే. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టే ముందు కొన్ని వారాలైనా అక్కడ ఉంచండి.