వేడి గాలికి దారి చూపుదాం

వేసవి మధ్యాహ్నం పిల్లలు చదువుకుంటుండగా డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతే, అది పాడైపోయిందనే భావిస్తాము. మా ఇంట్లోనూ అదే జరిగింది. కొత్తది కొనడానికి సిద్ధపడ్డాము. తీరా క్యాబినెట్ విప్పి చూస్తే ముందువైపు జాలీ దుమ్ముతో పూర్తిగా మూసుకుపోయి ఉంది.

సాధారణంగా ప్రాసెసర్ ఉష్ణోగ్రత 95–100 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వేడి ఇంకా పెరిగితే కంప్యూటరే ఆగిపోతుంది.

ఫ్యాన్ గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది అంతే. కనుక ఫ్యాన్ల సంఖ్య కంటే గాలి నడిచే దారి ముఖ్యం. ముందున్న ఫ్యాన్ చల్లని గాలిని లోపలికి తీసుకోవాలి. వెనుక, పైన ఉన్నవి వేడిగాలిని బయటికి పంపాలి. చిన్న కాగితం ముక్కను దగ్గర పట్టుకుంటే గాలి ఎటు పోతున్నదీ తెలిసిపోతుంది. లోపలి తీగలను ఒక పక్కకు కట్టివేయాలి. క్యాబినెట్‌ను గోడకు ఆనించకూడదు, మూసిన అరలో ఉంచకూడదు, గుడ్డ కప్పి నడపకూడదు.

శుభ్రం చేసేముందు స్విచ్ ఆపి, ప్లగ్ తీసివేయండి. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకొని, మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి.

ఆ రోజు మాకు ఖర్చయింది ఒక అరగంట మాత్రమే. కంప్యూటర్ నేటికీ పనిచేస్తోంది.