చీపురు పుల్లల ఘనం, 32 కిలోబైట్ల యంత్రం

పాత నాణేలను, పాత గడియారాలను దాచుకొనేవారు ఉన్నట్లే, 1980లనాటి ఇంటి కంప్యూటర్లను భద్రపరచుకొని, నేటికీ వాటిమీద మూడు కొలతల బొమ్మలు గీసి ఆనందించేవారు ప్రపంచమంతటా ఉన్నారు. పొడవు వెడల్పులతో పాటు లోతును కూడా చదునైన తెరమీద కనిపింపజేసే బొమ్మను మూడు కొలతల బొమ్మ అంటాము. చేతిలోని ఫోను నేడు రెప్పపాటులో చూపే అటువంటి బొమ్మను ఆ యంత్రాలు ఒక్కొక్క గీతగా, ఆలోచించుకొంటున్నట్లు గీసేవి. అయినను వాటిని తలచుకొని మురిసిపోయేవారు తక్కువేమీ కాదు. ఆ మురిపెంలో మన సరిహద్దు పల్లెల పిల్లలకు పనికివచ్చే విషయం ఒకటి ఉన్నది. దానిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట ప్రాంతాలలో ఉపాధ్యాయుడుగా నేను తరచుగా వినే మాట ఒకటి కలదు. "మా వాడికి కంప్యూటరు రావాలి సార్, అందుకే తెలుగు బడి మాన్పించి ఇంగ్లీషు బడిలో వేస్తున్నాము" అని తండ్రులు చెబుతారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారినది మొదలు మన ఇళ్లలో ఒక భాష, కార్యాలయంలో మరొక భాష. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత బడిలోనూ ఆ భారం పెరిగింది. ఈ పరిస్థితిలో తల్లిదండ్రుల ఆందోళన సహజమే. ఇంగ్లీషు నేర్పించవద్దని నేను అనను. కాని కంప్యూటరు మూలంగానే తెలుగు మాన్పించవలసి వచ్చిందన్నది సరైన కారణం కాదు. బొమ్మలు గీసే కంప్యూటరుకు అసలు ఏ భాష అవసరమో పాత యంత్రాలను చూస్తే స్పష్టంగా బోధపడుతుంది.

బ్రిటన్‌లో ఏకార్న్ అనే సంస్థ 1981 డిసెంబరులో బీబీసీ మైక్రో అనే కంప్యూటరును విడుదల చేసింది. మన దేశంలో 1984-85లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ కలిసి 'క్లాస్' అనే పథకాన్ని ప్రారంభించి, తొలి విడతలో దాదాపు 250 ఉన్నత పాఠశాలలకు ఈ యంత్రాలనే అందజేశాయి. తరువాత చండీగఢ్ పక్కన ఉన్న సెమీకండక్టర్ కాంప్లెక్స్ అనే ప్రభుత్వ సంస్థ వీటిని 'యూనికార్న్' అనే పేరుతో ఇక్కడే తయారుచేసింది. పుణెకు చెందిన డెసిబెల్స్ సంస్థ, బ్రిటన్‌లోనే ప్రసిద్ధి చెందిన స్పెక్ట్రమ్ అనే మరొక ఇంటి కంప్యూటరును 'డీబీ స్పెక్ట్రమ్' అని అమ్మింది. మీటల పలకలోనే యంత్రమంతా ఇమిడి ఉండేది. తెరగా టీవీ పెట్టెను, నిల్వకు పాటల క్యాసెట్టును వాడుకొనేవారు.

నేను హైస్కూలులో చదివిన 1990ల తొలి సంవత్సరాలలో మా బడిలో అటువంటి యంత్రాలు రెండు ఉండేవి. గుడ్డ కప్పి, గదికి తాళం వేసి, దేవుని గదివలె చూసుకొనేవారు. చెప్పులు బయట విడిచి లోనికి వెళ్లాలి. ఒక్కొక్క మీటల పలకకు అయిదుగురము. వారానికి ఒకసారి వంతు వచ్చేది కనుక చేయవలసిన లెక్కంతా ఆ వారం రోజులూ గళ్ల కాగితం మీదనే జరిగేది. యంత్రం ముందు కూర్చున్న పది నిమిషాలు ఆ కాగితాన్ని సరిచూసుకోవడానికి మాత్రమే. కరెంటు పోతే గీసినదంతా మాయమయ్యేది. కాగితం మాత్రం చేతిలో ఉండేది.

మీట వేయగానే ఆ యంత్రం ఒక కూత కూసి, తెరమీద తన పేరు చూపి, ఆజ్ఞ కోసం ఎదురుచూసేది. నేటి ఫోను వలె ఏ బొమ్మలనూ ముందుగా చూపదు. మనం ఏదైనా చెబితేనే అది చేస్తుంది. 'మూవ్ 200, 200' అంటే ఆ బిందువు వద్దకు వెళ్లు అని అర్థం. 'డ్రా 400, 200' అంటే అక్కడనుండి ఇక్కడికి గీత గీయి అని. ఘనాన్ని గీసి తిప్పడానికి ఇటువంటి ఇంగ్లీషు మాటలు పదిహేను వస్తే చాలు. మిగిలినదంతా అంకెలే. అంకెలకు తెలుగు, తమిళం అనే భేదం లేదు.

ఈ బిందువుల లెక్క మన ఆడవారికి కొత్త కాదు. ధనుర్మాసంలో ముగ్గు వేసే అవ్వ "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు" అని చెబుతుంది. నడిమి వరుసలో 15, దానికి పైనా కిందా 14, 13 చొప్పున తగ్గుతూ 8 వరకు పెట్టుకొంటూ పోతే మొత్తం 169 చుక్కలు వస్తాయి. బొమ్మను ఎదుట పెట్టకుండానే, ఒక్క వాక్యంతో పక్క ఊరి కోడలిచేత అదే ముగ్గు వేయించవచ్చు. కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞ అంటే సరిగా ఇదే. తాంబరంలోని మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ దంపతులు కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో ఒక అంతర్జాతీయ కంప్యూటరు చిత్రాల పత్రికలో కోలం గురించి పరిశోధన వ్యాసం ప్రచురించారు. వ్యాకరణ సూత్రాలతో వాక్యాలు పుట్టినట్లు, కొద్దిపాటి సూత్రాలతో ముగ్గులు పుడతాయని వారు నిరూపించారు. ఆనాడు తాంబరం, తిరువళ్ళూరు, తిరుత్తణి మూడూ చెంగల్పట్టు జిల్లాలోనివే. మన గడప ముందరి విద్య కంప్యూటరు శాస్త్రానికి పాఠ్యాంశమైన సంగతి మన పిల్లల పుస్తకాలలో లేకపోవడం నాకు వింతగానే తోస్తుంది.

ముగ్గులోని చుక్కకు రెండు అంకెలు చాలు, ఎంత పక్కకు, ఎంత పైకి అని. మూడు కొలతల బొమ్మలో మూడవ అంకె చేరుతుంది, కంటికి ఎంత దూరం అని. ఈ మూడవ అంకెను చదునైన తెరమీద ఎలా చూపడం? తిరుత్తణి స్టేషనులో నిలబడి రేణిగుంట వైపు చూడండి. పట్టాల మధ్య దూరం ఎక్కడైనా 1,676 మిల్లీమీటర్లే. అయినా దూరాన రెండూ కలిసిపోయినట్లు కనిపిస్తాయి. దూరం రెట్టింపైతే కనిపించే వెడల్పు సగమవుతుంది. తొమ్మిది, పది తరగతులలో చెప్పే సరూప త్రిభుజాల పాఠమే ఇది.

దీనిని చేతితో చేసి చూడవచ్చు. కొబ్బరి చీపురు పుల్లలను 100 మిల్లీమీటర్ల పొడవున 12 ముక్కలు చేసి, మూలలు దారంతో కట్టితే ఒక ఘనం తయారవుతుంది. పాత కంప్యూటర్లమీద గీసిన బొమ్మలు ఎక్కువగా ఇటువంటి పుల్లల బొమ్మలే. లోపలిభాగం నింపే ఓపిక ఆ యంత్రాలకు లేదు. పాడైపోయిన పటం నుండి తీసిన అద్దాన్ని నిలబెట్టి, దాని వెనుక ఈ ఘనాన్ని ఆనించండి. ఒక కన్ను మూసి, రెండవ కంటిని అద్దానికి 400 మిల్లీమీటర్ల దూరంలో, ఘనం నడిమి భాగానికి ఎదురుగా ఉంచి, కనిపించిన అంచులను స్కెచ్ పెన్నుతో అద్దంమీద గీయండి. ముందరి చతురస్రం 100 మిల్లీమీటర్లే వస్తుంది. వెనుకటిది 80 వస్తుంది. ఎందుకనగా వెనుక ముఖం కంటికి 500 దూరంలో ఉన్నది, 100ను 400తో గుణించి 500తో భాగిస్తే 80. తెర అంటే ఆ అద్దమే. కంప్యూటరు చేసేదల్లా ఎనిమిది మూలలకూ ఈ ఒక్క భాగాహారం చేసి, వచ్చిన బిందువులను పన్నెండు గీతలతో కలపడమే.

ఘనాన్ని తిప్పాలంటే త్రికోణమితి కావాలి. ఘనం నడిబొడ్డు నుండి కుడికి 50, మనవైపుకు 50 దూరంలో ఉన్న మూలను తీసుకొందాము. ఘనాన్ని 30 డిగ్రీలు తిప్పితే కొసైన్ విలువ 0.866, సైన్ విలువ 0.5. లెక్క వేయగా ఆ మూల కుడికి 68.3, మనవైపుకు 18.3 దూరానికి మారుతుంది. నడిబొడ్డు కంటికి 450 దూరంలో ఉన్నది కనుక మూల దూరం 431.7. తెరమీద అది మధ్యనుండి 63.3 మిల్లీమీటర్ల పక్కన పడుతుంది. పదవ తరగతిలో సైన్, కొసైన్ పట్టికలు బట్టీపట్టి "ఇవి ఎందుకు సార్" అని అడిగే పిల్లవానికి ఇంతకంటె మంచి సమాధానం నా వద్ద లేదు.

ఇక యంత్రం ఇరుకు సంగతి. బీబీసీ మైక్రోలో మొత్తం జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. నాలుగు రంగుల తెరను ఎంచుకొంటే ఆ తెర ఒక్కటే 20 కిలోబైట్లు తినేది. యంత్రం సొంత అవసరాలు పోగా మనకు మిగిలేది ఎనిమిదిన్నర కిలోబైట్లు, అంటే ఈ వ్యాసాన్ని కూడా అందులో పూర్తిగా దాచలేము. సైన్ విలువలను ప్రతిసారీ లెక్కించడం ఆలస్యమని ముందే పట్టిక వేసి పెట్టుకొనేవారు. ఒక గీతను అదే చోట రెండవసారి గీస్తే చెరిగిపోయే పద్ధతి ఒకటి ఉండేది. దానితో తెరంతా తుడవకుండా పాత ఘనాన్ని చెరిపి, కొత్తది గీసేవారు. ఇరుకు ఇంట్లో కాపురం చేసే ఇల్లాలికి ప్రతి అలమర కొలతా తెలిసినట్లు, ఆనాటి వారికి యంత్రంలోని ప్రతి మూల తెలుసు. నేటికీ వారు మరువలేనిది ఆ సాన్నిహిత్యమేనని నా అభిప్రాయం.

ఆ ఇరుకులోనే అద్భుతాలు జరిగాయి. కేంబ్రిడ్జిలో చదువుతున్న డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు విద్యార్థులు 1984లో ఇదే బీబీసీ మైక్రోకు 'ఎలైట్' అనే ఆట రచించారు. ఆకాశనౌకలు పుల్లల బొమ్మలుగా తిరుగుతూ కనిపిస్తాయి. అయితే వెనుకవైపు పుల్లలు కనిపించవు. ప్రతి ముఖం మనవైపు తిరిగి ఉందా, అవతలికి తిరిగి ఉందా అని లెక్కించి, అవతలి ముఖాల అంచులను గీయకుండా వదిలివేశారు. అంతటితో పుల్లల గూడు గట్టి వస్తువుగా మారిపోయింది. 1986లో అమీగా అనే మరొక ఇంటి కంప్యూటరుమీద ఎరిక్ గ్రాహమ్ అద్దపు బంతులు ఎగరవేసే గారడీవాని బొమ్మను చేశాడు. కాంతి కిరణం ఏ బంతిపై పడి ఎటు మళ్లుతుందో ఒక్కొక్క చుక్కకు లెక్క వేయగా, ఒక్కొక్క చిత్రానికి సుమారు ఒక గంట పట్టింది. 24 చిత్రాలు కలిపితేనే ఆ బంతులు ఎగిరాయి. 1995లో మనవారు 'అమ్మోరు' చిత్రంలో కళ్లప్పగించి చూసిన గ్రాఫిక్స్ వెనుక ఉన్నది కూడా ఇటువంటి లెక్కలే. యంత్రాలు మాత్రం పెద్దవి.

ఈ పాత యంత్రాలను నేడు వెతికి కొనవలసిన పని లేదు. ఫోనులో నడిచే బీబీసీ బేసిక్ ఉచితంగా లభిస్తున్నది. 'జేఎస్‌బీబ్' అనేది బ్రౌజరులోనే ఆ పాత యంత్రాన్ని, ఆ కూతతో సహా, మేల్కొల్పుతుంది. 2011లో మొదలైన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో ప్లస్ టూ పిల్లలకు వచ్చినవి మన ఇళ్లలో కొన్ని అటకెక్కి ఉన్నాయి. పనిచేసే స్థితిలో ఉంటే దించండి. మీట లేకపోయినా, కరెంటు లేకపోయినా గళ్ల నోటుపుస్తకం చాలు, మొదటి వారమంతా దానితోనే గడపడం మంచిది.

తరగతిలో ఇది చెప్పేటప్పుడు నేను సరూప త్రిభుజాలు అని తెలుగులో, వడివొత్త ముక్కోణంగళ్ అని తమిళంలో పక్కపక్కనే రాస్తాను. రెండు భాషల పిల్లలూ ఒకే అద్దం చుట్టూ చేరతారు. అంకె తప్పితే గీత వంకర పోతుంది, ఎవరి భాష ఏదైనా సరే. ముగ్గు వేయడం వచ్చిన ఆడపిల్లలు ఈ పనిని మగపిల్లలకంటె త్వరగా పట్టుకొంటున్నారని గమనించాను.

ఇంట్లో చేయదలచినవారికి ఒక్క సూచన. అద్దం అంచులకు ముందుగా కాగితం అతికించండి, చేతులు కోసుకొనే ప్రమాదం ఉన్నది. గడ్డం ఆన్చుకోవడానికి పుస్తకాలు దొంతరగా పెట్టుకొంటే కన్ను కదలదు. కన్ను వేలెడు పక్కకు జరిగినా వెనుక చతురస్రం పక్కకు జరిగిపోతుంది, కొలతలు కుదరవు. పుల్లలు బాగా ఎండినవే వాడండి. పచ్చివైతే తెల్లవారేసరికి వంగిపోయి ఘనం చాటవలె తయారవుతుంది.